ఇంట్లో రికార్డ్ చేసిన ట్రాకులను మిక్సింగ్‌కి స్టూడియోకి ఎలా పంపాలి?

రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో లీడ్ వాయిస్, కోరస్, గిటార్ రికార్డ్ చేశారు, స్టూడియోవాళ్లేమో "ట్రాకులన్నీ విడివిడిగా పంపండి" అన్నారు. ఎలా అన్నది మీ ప్రశ్న.

ముందుగా, ప్రతి ఫైలూ పాట మొదటి క్షణం నుంచే మొదలవ్వాలి. కోరస్ రెండో చరణంలోనే వచ్చినా ఆ ఫైల్ కూడా సున్నా నుంచే ఉండాలి, ముందంతా ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. అప్పుడు ఇంజనీరు అన్నిటినీ ఒకేసారి లాగి పడేస్తే ఎక్కడివక్కడ కూర్చుంటాయి. ముక్కలుగా పంపితే ఏది ఎక్కడిదో వెతకడానికే టైమ్ పోతుంది. గంట లెక్కన తీసుకునే స్టూడియో అయితే ఆ డబ్బులూ మీవే.

రీపర్‌లో ట్రాకులు సెలెక్ట్ చేసి రెండర్ (ట్రాకుల్ని ఫైళ్లుగా బయటికి తీసే విండో) తెరవండి. సోర్స్ దగ్గర "స్టెమ్స్ (సెలెక్టెడ్ ట్రాక్స్)", బౌండ్స్ దగ్గర "ఎంటైర్ ప్రాజెక్ట్" పెట్టండి. ఫార్మాట్ వేవ్, 24 బిట్. మోనో (ఒకే చానెల్ ఉన్న) ట్రాకుల్ని మోనో ఫైళ్లుగా ఇచ్చే ఆప్షన్‌కి టిక్ పెట్టండి. ఒక్క మైకుతో పాడిన గొంతును స్టీరియో చేస్తే సైజు రెట్టింపవడం తప్ప లాభం లేదు. శాంపిల్ రేట్ (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) 48 కిలోహెర్ట్జ్ ఉన్న మోనో ఫైల్ అయితే నిమిషానికి 8.6 ఎంబీ, అంటే 4 నిమిషాల పాటకి ట్రాకుకి 35 ఎంబీ దాకా.

శాంపిల్ రేట్ మాత్రం మార్చకండి. 44.1లో రికార్డ్ చేస్తే 44.1లోనే పంపి, ఆ సంగతి రాసి పెట్టండి. 44.1 ఫైల్‌ని 48 అనుకుని ప్లే చేస్తే 4 నిమిషాల పాట 3 నిమిషాల 40 సెకన్లకే అయిపోతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ పెరుగుతుంది.

లెవెల్ విషయానికొస్తే, పీకులు (శబ్దం అత్యధికంగా చేరే చోట్లు) మైనస్ 10 నుంచి మైనస్ 6 డీబీ మధ్య ఉంటే హాయి. తక్కువగా ఉందని నార్మలైజ్ చేయక్కర్లేదు (అంటే సాఫ్ట్‌వేర్‌తో లెవెల్ పైకి లాగక్కర్లేదు), 24 బిట్‌లో ఇంజనీరు పెంచుకోగలడు. రికార్డింగ్‌లోనే క్లిప్ అయితే (లెవెల్ హద్దు దాటి శబ్దం పగిలితే) మాత్రం తర్వాత వాల్యూమ్ తగ్గించి లాభం లేదు. వేవ్‌ఫామ్ జూమ్ చేస్తే పైభాగం కోసేసినట్టు చదునుగా కనిపిస్తుంది. ఆ లైన్ మళ్లీ పాడండి.

రివర్బ్ (ప్రతిధ్వని), కంప్రెసర్, ఈక్యూ లాంటి ఎఫెక్టులు తీసేయండి. స్టెమ్స్ రెండర్‌లో ట్రాక్ మీద ఉన్న ఎఫెక్టులు కూడా ఫైల్లోకి ఎక్కేస్తాయి కాబట్టి ముందే బైపాస్ చేయాలి, అంటే ఆపేయాలి. గిటార్ డిలే లాంటిది పాటకే ప్రాణమైతే రెండూ పంపండి, ఎఫెక్ట్‌తో ఒకటి, లేకుండా ఒకటి. సాఫ్ట్‌వేర్‌తో శ్రుతి సరిచేసిన (ట్యూనింగ్ చేసిన) గొంతు విషయంలోనూ ఇంతే.

ఫ్యాన్ చప్పుడుందని నాయిస్ రిడక్షన్ గట్టిగా కొట్టేవాళ్లు చాలామంది. స, శ పలికిన చోటల్లా గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టు వస్తుంది, దాన్ని ఎవరూ తిరిగి బాగుచేయలేరు. శుభ్రం చేసే పని స్టూడియోకే వదిలేయండి. పాడకముందు గదిలోని ఖాళీ చప్పుడు ఓ పది సెకన్లు విడిగా రికార్డ్ చేసి ఇస్తే వాళ్లకి పనికొస్తుంది. రెండు ముక్కలు కలిపిన అతుకుల దగ్గర 5 నుంచి 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరిగేలా) పెట్టండి, లేకపోతే టిక్‌మని వినిపిస్తుంది. ఊపిరి శబ్దాలు కోయకండి.

కరోకే ట్రాక్ మీద పాడి ఉంటే దాని వేవ్ ఫైల్ సంపాదించండి. ఎంపీ3ని వేవ్‌గా మార్చినంత మాత్రాన పోయిన క్వాలిటీ రాదు, పైగా మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ చేరి టైమింగ్ తప్పొచ్చు. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో పాడితే గొంతు లయకి వెనకబడుతుంది, వైరు ఉన్నవే వాడండి.

ఫైల్ పేరు "ఆడియో 17" అని వదిలేయకుండా లీడ్, కోరస్ 1, గిటార్ అని పెట్టండి. టెంపో, శ్రుతి, సాహిత్యం ఒక కాగితంలో, మీరు ఉజ్జాయింపుగా కలిపిన రఫ్ మిక్స్ ఒక ఎంపీ3లో జత చేయండి. అన్నీ జిప్ చేసి డ్రైవ్ లింక్ ఇవ్వండి. వాట్సాప్‌లో ఆడియోగా మాత్రం వద్దు.

పంపేముందు కొత్త ఖాళీ ప్రాజెక్ట్ తెరిచి, ఈ ఫైళ్లన్నీ సున్నా దగ్గర పెట్టి పాట మొత్తం వినండి. మ్యూట్‌లో ఉండి ఖాళీగా రెండర్ అయిన ట్రాకులు, తీసేయడం మరిచిన రివర్బ్ ఇక్కడే బయటపడతాయి.