14 అడుగుల 40టి బ్లాంక్ తీసుకోవచ్చా అంటే

విశాఖలో ఆర్కే బీచ్, యారాడ వైపు ఒడ్డు మీంచి గాలం వెయ్యడానికి 14 అడుగుల 40టి కార్బన్ బ్లాంక్, అంటే పిడీ రింగులూ ఇంకా బిగించని ఉత్త కర్ర, తెప్పించి రాడ్ కట్టించుకోవచ్చా అని కదా మీరడిగింది. వద్దండి బాబూ. సరిగ్గా అదే కొని డబ్బులు తగలేసుకున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

నా బ్లాంక్ మీద 6-8 ఔన్సులు అని రాసుంది, అంటే 170 నుంచి 225 గ్రాముల దాకా బరువు కడితేనే అది సరిగ్గా వంగుతుంది. నేను వేసేదేమో 4 ఔన్సుల సీసం, దానికో రొయ్య, రెండూ కలిపినా 130 గ్రాములు దాటదు. కర్ర వంగితేనే కదా తిరిగి సాగి సీసాన్ని తోసేది, అది వంగకపోతే తోసేది మన భుజమే, నేనేమో 5 అడుగుల 6 అంగుళాల మనిషిని, పది సార్లు విసిరేసరికి చెయ్యి పైకి లేచేది కాదు. ఓ సాయంత్రం జోడుగుళ్లపాలెం దగ్గర ఇలాగే కుస్తీ పడుతుంటే పక్కన ఒక తాత, రాడ్డూ లేదు రీలూ లేదు, ప్లాస్టిక్ సీసాకి చుట్టిన నైలాన్ దారం, విసిరితే 30 మీటర్లు వెళ్తుందేమో, రెండు గొరకలు లాగేశాడు. నా వైపు చూసి "సేప ఇక్కడుంటే సింగపూరుకి ఇసుర్తావేటి బాబూ" అన్నాడు. నిజమే మరి, మన ఒడ్డు చాలాచోట్ల ఒక్కసారిగా దిగిపోతుంది, కెరటం విరిగే చోట ఉండే గుంటలోనే నాకూ తర్వాత ఎక్కువ చేపలు పడ్డాయి.

అందుకని ముందు మీరు ఎంత సీసం వేస్తారో తేల్చుకోండి, ఎర బరువు కూడా కలుపుకుని, ఆ మొత్తం బ్లాంక్ మీద రాసిన అంకెలకి మధ్యలో పడాలి. నాకైతే 12 అడుగులు, 3-5 ఔన్సులు సరిపోయింది.

40టి అన్నది కర్రలోని కార్బన్ పీచు ఎంత బిర్రుగా ఉందో చెప్పే లెక్క. ఆ అంకె పెరిగేకొద్దీ పల్చటి గోడతోనే పని అవుతుంది, కర్ర తేలిక, కానీ దెబ్బకి ఆగదు. నాది తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీద ఒకసారి పడింది, చూస్తే గోరుతో గీసినంత గీత, అంతే కదా అనుకున్నా, తర్వాతి వారం విసురుతుంటే ఠప్పుమని సరిగ్గా అక్కడే విరిగింది. రాళ్ళ దగ్గర తిరిగేవాళ్ళకి 24టి, 30టి లేదా ఫైబర్‌గ్లాస్ కలిపినది మేలు, కాస్త బరువు ఉంటే ఉంది. పైగా కొస మరీ బిర్రుగా ఉంటే విసురుకి రొయ్య, కవళ్ళు లాంటి మెత్తని ఎర ఊడి ఎటో పోతుంది.

అంకెల మీద నమ్మకం లేకపోతే ఇంట్లో చూసుకోవచ్చు. బ్లాంక్ మొదలు వైపు గట్టిగా బిగించి దాన్ని అడ్డంగా పెట్టి, కొసకి సంచీ కట్టి నీళ్ళు పొయ్యండి, కొస మొత్తం పొడుగులో మూడో వంతు దిగేదాకా, 12 అడుగులదైతే 4 అడుగులు. ఆ సంచీ బరువు రాసుకుని ఇంకో బ్లాంక్‌తో పోల్చండి. అమెరికా వాళ్ళు దీనికే నీళ్ళ బదులు వాళ్ళ సెంటు నాణేలు వేసి లెక్కపెడతారు, 1982 తర్వాత సెంటు 2.5 గ్రాములు కాబట్టి లెక్క సుళువు.

బండి మీద వెళ్తారా? అలాగైతే రెండు ముక్కలది వద్దు. 12 అడుగులది రెండు ముక్కలంటే ఒక్కోటి 6 అడుగులు, యారాడ కొండ మలుపుల్లో అది వీపుకి కట్టుకుని నడపడం ఎలాగుంటుందో నాకు తెలుసు. మూడు ముక్కలైతే ఒక్కోటి 4 అడుగులే.

రీల్ సీటు, అంటే కర్రకి రీలు బిగించే పీట, మాత్రం వెంటనే అంటించనివ్వకండి. కర్ర మొదలు వైపు చంకలో పెట్టుకుని చెయ్యి చాపితే వేళ్ళు ఎక్కడికి వస్తాయో అక్కడ టేపుతో కట్టి, బీచ్‌లో నాలుగు సార్లు విసిరి చూసి అప్పుడు అంటించాలి. ఇదొక్కటే చాలు, షాపు రాడ్డు కన్నా కట్టించుకున్నది మేలు అనడానికి.

విరిగిన నా కర్ర కింది ముక్కకి మా ఆవిడ కొడవలి కట్టి దోటీ చేసి మునక్కాయలు కోసుకుంటోంది, కార్బన్‌లో కరెంటు పారుతుంది కాబట్టి తీగలున్న వైపు కొమ్మల జోలికి మాత్రం వెళ్ళొద్దన్నా.