నొప్పి మాత్రలు మానేశాక ఈ దిగులు ఎందుకు?

ప్రశ్న: నా వయసు 36. నడుములో డిస్క్ సమస్యకు డాక్టర్ ట్రమడాల్ 50 మిల్లీగ్రాముల మాత్రలు రాశారు. రోజుకు రెండుతో మొదలైనది రెండేళ్లలో పన్నెండుకు చేరింది. నొప్పి లేని రోజు కూడా వేసుకునేదాన్ని. మూడు వారాల క్రితం ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేశాను. మొదటి వారం నరకం చూశాను. మా ఆయనకు జ్వరం అని చెప్పాను. ఇప్పుడు ఒళ్లు కుదుటపడింది కానీ నిద్ర లేదు, దేని మీదా మనసు లేదు, పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. ఒక స్ట్రిప్ ఇంకా బీరువాలోనే ఉంది. రాత్రయితే ధ్యాసంతా దాని మీదే. ఒక్కోసారి నిద్రలోనే పోతే బాగుండు అనిపిస్తోంది. నాకు పిచ్చి పడుతోందా?

జవాబు: మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మాట దగ్గరే మొదలుపెడతాను. నిద్రలోనే పోతే బాగుండు అని ఎంత తరచుగా అనిపిస్తోంది? ఎలా పోవాలన్నది కూడా మనసులో మెదులుతోందా? మెదులుతుంటే ఈ జవాబు పూర్తయ్యేదాకా ఆగొద్దు. ఇప్పుడే మీ ఆయనకు చెప్పండి, దగ్గర్లో ఉన్న ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లలేని పరిస్థితి అయితే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అంతదాకా రాలేదు, విసుగులో వచ్చే ఆలోచనే అనుకున్నా సరే, ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. ముందుగా చెప్పాల్సింది ఈ మాటే. ఇలాంటి మందులను ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన విత్‌డ్రాయల్ (అలవాటైన మందు ఆగినప్పుడు ఒంటికీ మనసుకూ వచ్చే బాధలు), మానసిక క్షోభ, ఆత్మహత్యల ప్రమాదం ఉంటాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో డాక్టర్లను హెచ్చరించింది. కాబట్టి ఇది మీ ఒక్కరికే వచ్చిన వింత ఆలోచన కాదు, మీ పిరికితనమూ కాదు.

మీకు పిచ్చి పట్టడం లేదమ్మా. ట్రమడాల్ మార్ఫిన్, కోడీన్ జాతి మందు. అయితే వాటికి లేని గుణం ఒకటి దీనికి ఉంది. నొప్పిని తగ్గించడంతో పాటు మెదడులో సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాల మీద కూడా పనిచేస్తుంది. డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మందులు చేసే పని కూడా అదే. రెండేళ్లు అంత డోసుకు అలవాటుపడిన మెదడుకు ఆ రెండూ ఒకే రోజు ఆగిపోయాయి. ఆవలింతలు, ముక్కూ కళ్లూ కారడం, ఒళ్లు గగుర్పొడవడం, విరేచనాలు, కాళ్లు లాగేయడం... మీరు నరకం అన్నది ఇదే అయివుంటుంది. మామూలుగా రెండు మూడు రోజులకు బాగా ముదిరి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. మనసు మాత్రం అంత త్వరగా కోలుకోదు. నిద్రలేమి, చిరాకు, దేనిలోనూ సంతోషం లేకపోవడం కొందరికి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు ఉంటాయి. అదీ ఒకే తీరుగా తగ్గదు. నాలుగు రోజులు బాగుండి ఐదో రోజు మళ్లీ మొదటికి వచ్చినట్టు అనిపిస్తుంది. అప్పుడు కంగారుపడొద్దు. అలా వచ్చిపోతూ ఉంటుందని ముందే తెలిస్తే టెన్షన్ కొంత తగ్గుతుంది.

ఇదంతా విత్‌డ్రాయలే అని మాత్రం నేను అనను. నొప్పి లేని రోజు కూడా వేసుకునేదాన్ని అని రాశారు. నాకు ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఆ వాక్యమే. ఆ రోజుల్లో మాత్ర మీకు ఏం చేసి పెట్టేది? ఇంట్లో మాటలు పట్టించుకోకుండా ఉండనిచ్చేదా? అలసటను మరిపించేదా? లేక కాసేపు మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగనట్టు ఉండేదా? నడుము నొప్పి కంటే ముందే మీలో దిగులు ఉండి, ఇన్నాళ్లూ మాత్ర దాన్ని కప్పిపెట్టి ఉండొచ్చు. అలా అయితే రోజులు గడిచినంత మాత్రాన అది తగ్గదు, దానికి విడిగా వైద్యం కావాలి. ఈ ప్రశ్నకు జవాబు నాకు రాయక్కర్లేదు. ఓ కాగితం మీద మీ కోసం రాసుకుని డాక్టర్‌కు చూపించండి.

ఇక బీరువాలోని స్ట్రిప్. దాన్ని ఈరోజే ఇంట్లోంచి పంపేయాలి. మీ మీద నమ్మకం లేక అనడం లేదు. మూడు వారాల విరామంలో మీ శరీరానికి ఆ మందును తట్టుకునే శక్తి తగ్గిపోయింది. అప్పట్లో మామూలుగా వేసుకున్న పన్నెండు మాత్రలే ఇప్పుడు ఊపిరి ఆగేంత పనిచేయొచ్చు. నిద్రమాత్ర గానీ మద్యం గానీ తోడైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. అసలు ట్రమడాల్ రోజుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే ఫిట్స్ వచ్చే ముప్పు పెరుగుతుంది. మీరు 600 దాకా వెళ్లారు. ఎప్పుడైనా స్పృహ తప్పినా, ఒళ్లు కొట్టుకున్నా డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకసారి తప్పి వేసుకుంటే మాత్రం గది తలుపు వేసుకుని ఒంటరిగా ఉండొద్దు. ఎంత వేసుకున్నారో ఎవరికైనా చెప్పండి. మగత కమ్మేస్తున్నా, ఊపిరి నెమ్మదించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఆ స్ట్రిప్ ఎవరి చేతికి ఇస్తారు? మీ ఆయన చేతికే. అబద్ధం చెప్పాను, ఇప్పుడెలా అని మీరు వెనకాడుతున్నారని తెలుసు. పెద్ద ఉపోద్ఘాతం వద్దు. "నాకు వచ్చింది జ్వరం కాదు. నొప్పి మాత్రలకు అలవాటుపడి మానేశాను. ఒంటరిగా నా వల్ల కావడం లేదు, డాక్టర్ దగ్గరికి నాతో రండి" అంటే చాలు. ఆయనకు కోపం రావొచ్చు, పట్టుదల ఉంటే అదే పోతుందని అనొచ్చు. పట్టుదల లేకపోతే మీరు ఈ మూడు వారాలు గడిపేవారే కాదు. ఆ మాట మీరు వాదించి ఒప్పించే కంటే డాక్టర్ నోట వింటే ఆయనకు తొందరగా ఎక్కుతుంది. అందుకే వెంట తీసుకెళ్లమంటున్నాను.

డాక్టర్ దగ్గర ఏదీ దాచకండి, లెక్క తగ్గించి చెప్పకండి. డిప్రెషన్‌కు వాడే చాలా మందులు ట్రమడాల్‌తో కలిస్తే సెరటోనిన్ మోతాదు మించి ప్రాణం మీదికి రావొచ్చు. ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారన్నది ఆయనకు కచ్చితంగా తెలియాలి. మళ్లీ మాత్రల్లో పడినా ఈసారి మీ అంతట మీరే హఠాత్తుగా ఆపొద్దు. డోసు మెల్లగా తగ్గించే పద్ధతి ఉంది. అవసరమైతే ఈ అలవాటుకు చికిత్సగా డాక్టర్ పర్యవేక్షణలో ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందులూ ఉన్నాయి. ఇవీ ఆ జాతి మందులే కాబట్టి, ఒక వ్యసనం పోయి ఇంకోటి వచ్చిందని వీటిని తీసిపారేసేవాళ్లు ఉంటారు. ఆ మాట వినకండి. 2005 నుంచి ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి, ప్రాణాలు కాపాడుతున్నాయి. మీకు అవి అవసరమా, కౌన్సెలింగ్, డిప్రెషన్ వైద్యం సరిపోతాయా అన్నది పరీక్ష చేశాక తేలుతుంది.

పిల్లల సంగతి. అరిచాక ఏడుస్తూ కూర్చోకుండా, కాసేపాగి దగ్గరికి పిలిచి "అమ్మకు ఒంట్లో బాగాలేదు, తప్పు మీది కాదు" అని చెప్పండి. ప్రస్తుతానికి అంత చాలు.

నడుము నొప్పి ఇంకా మీతోనే ఉంది, దాన్ని వదిలేస్తే మళ్లీ మాత్ర వైపే లాగుతుంది. ఇలాంటి మందులు ఎక్కువ కాలం వాడితే కొందరికి నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది కూడా. ఫిజియోథెరపీ, అలవాటుపడని రకం నొప్పి మందుల గురించి డాక్టర్‌ను అడగండి. ఇకమీదట పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఏ ఆపరేషన్‌కు వెళ్లినా, ట్రమడాల్‌కు అలవాటుపడి మానేశానని చీటీ రాయకముందే చెప్పండి.