జావాలో క్లాస్, ఆబ్జెక్ట్ బుర్రకెక్కకపోతే

మూడు వారాలుగా జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే క్లాసులకు వెళ్తున్నానని, ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ అనే నాలుగు మూల సూత్రాల నిర్వచనాలు అడిగితే గడగడా చెప్పగలనని, సొంతంగా ప్రోగ్రామ్ రాయమంటే మాత్రం చెయ్యి కదలడం లేదని రాశారు. పైథాన్ అనే ఇంకో భాషకి మారిపోనా అని అడిగారు. అప్పుడే మారకండి. ఆ నోట్స్ కొన్నాళ్లు పక్కన పెట్టి, మీకు బాగా తెలిసిన లెక్క ఒకదాన్ని ప్రోగ్రామ్‌గా రాయండి. నాకు దారి దొరికింది అలాగే.

నేను బీకాం చదివి అమీర్‌పేటలో కోచింగ్‌కి చేరాను. పొద్దున ఏడింటి బ్యాచ్. ఓవర్‌లోడింగ్‌కీ ఓవర్‌రైడింగ్‌కీ తేడా నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. కానీ ఖాళీ ఫైలు తెరిస్తే టెన్షన్. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా కిరాణా కొట్లో గల్లాపెట్టె పక్కన నాన్న ఖాతా పుస్తకం కనిపించింది. వాడుకగా వచ్చే ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ. తేదీ, సరుకు, అప్పు, జమ. గీతలు అన్ని పేజీల్లో ఒకటే, అంకెలు ఎవరివి వాళ్లవి. దీన్నే జావాలో రాద్దామని కూర్చున్నాను.

ఖాతా అని క్లాస్ పెట్టాను. అందులో పేరు, బాకీ అని రెండు వేరియబుల్స్ (విలువలు ఉంచే గళ్లు), అప్పు రాయడానికి ఒక మెథడ్ (ఒక పని చేసే కోడ్ ముక్క), జమ వేయడానికి ఇంకొకటి. ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ మెథడ్‌లో నేరుగా బాకీ అని రాసేసరికి, కోడ్‌ని తనిఖీ చేసి అనువదించే కంపైలర్ ఒప్పుకోలేదు: నాన్ స్టాటిక్ వేరియబుల్‌ని స్టాటిక్ కాంటెక్స్ట్ నుంచి వాడకూడదట. బాకీ ముందు స్టాటిక్ అని చేర్చాను. ఎర్రర్ పోయింది. ముగ్గురికి ఖాతాలు తెరిచి 450, 120, 80 రూపాయలు అప్పు రాసి ప్రింట్ చేస్తే ముగ్గురికీ 650 వచ్చింది. రాత్రి పదకొండు దాకా కుస్తీ పట్టాను. కొట్టు కట్టేసి వచ్చిన నాన్న స్క్రీన్ చూసి, “ఏరా, అందరి పద్దూ ఒకే పేజీలో రాశావా?” అన్నారు.

సరిగ్గా అదే జరిగింది. స్టాటిక్ అంటే ఆ వేరియబుల్ క్లాస్ మొత్తానికి ఒక్కటే ఉంటుంది, పుస్తకం అట్ట మీద రాసినట్టు. అది తీసేసి, న్యూ తో చేసిన ఒక్కో ఆబ్జెక్ట్ ద్వారా బాకీని పలకరిస్తే ఎవరి అంకె వాళ్లకు వచ్చింది. గీతలు క్లాస్, రాసిన పేజీ ఆబ్జెక్ట్ అని ఆ రాత్రి నాకు అర్థమైంది. ‘పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్’ని మొదటి రోజే మంత్రంలా బట్టీ పట్టిస్తారు, స్టాటిక్ సంగతి తర్వాత చెప్తామంటారు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడేనని నా నమ్మకం. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో మెయిన్‌కి స్టాటిక్ రాయకపోయినా నడుస్తుంది. మీ మెటీరియల్ పాతదైతే మాత్రం అందులో ఉంటుంది, కంగారు పడకండి.

అదే ప్రోగ్రామ్ ఇంకో రెండు విషయాలు నేర్పింది. ఒక ఖాతాను ఇంకో వేరియబుల్‌కి అసైన్ చేస్తే పేజీకి జిరాక్స్ తీసినట్టు కాదు. అదే పేజీకి రెండో పేరు పెట్టినట్టు. ఒకదాని ద్వారా బాకీ మారిస్తే రెండోదాంట్లోనూ మారి కనిపిస్తుంది. రెండోది, పేరుతో ఖాతా వెతకడం. పేర్లను డబుల్ ఈక్వల్స్ (==) తో పోల్చాను. కోడ్‌లోనే రాసిన పేర్లతో పని చేసింది, కీబోర్డు నుంచి టైప్ చేస్తే దొరకలేదు. కోడ్‌లో ఉన్న ఒకేలాంటి స్ట్రింగ్స్‌ని (అక్షరాల వరసల్ని) జావా ఒకే చోట ఉంచి పంచుతుంది, టైప్ చేసింది వేరే ఆబ్జెక్ట్. డబుల్ ఈక్వల్స్ రెండూ ఒకటే ఆబ్జెక్టా అని మాత్రమే చూస్తుంది. అక్షరాలు పోల్చాలంటే ఈక్వల్స్ మెథడ్ వాడాలి.

ఎన్‌క్యాప్సులేషన్, అంటే డేటాని బయటివాళ్లు నేరుగా ముట్టుకోకుండా కాపాడడం, కూడా కొట్లోనే ఉంది. నాన్న ఖాతా పుస్తకం ఎవరి చేతికీ ఇవ్వరు, డబ్బు తీసుకుని తనే జమ రాస్తారు. బాకీని ప్రైవేట్ చేసి, జమ మెథడ్‌లో ‘కట్టేది బాకీ కంటే ఎక్కువా?’ అని ఒక్క షరతు పెట్టి చూడండి, చాలు. ఇన్‌హెరిటెన్స్‌కి (ఒక క్లాస్ నుంచి ఇంకో క్లాస్ లక్షణాలు అందుకోవడానికి) తొందరపడొద్దు. ఉద్యోగంలో చేరాక కూడా చాలా నెలలు నాకు దాని అవసరం రాలేదు.

పైథాన్ గురించి: మంచి భాషే, డేటా పని మీద ఆసక్తి ఉంటే హాయిగా నేర్చుకోండి. కానీ క్లాసుల నుంచి తప్పించుకోవడానికి వెళ్తే ఉపయోగం లేదు, అక్కడా ఉంటాయి. క్లాస్ లోపల నేరుగా ఒక ఖాళీ లిస్ట్ పెడితే అదీ అన్ని ఆబ్జెక్టులకూ ఉమ్మడి అయిపోతుంది, నా 650 లాగే.

ఇంకొకటి. చిన్న చిన్న ముక్కలు పరీక్షించడానికి జేషెల్ వాడండి, జావా 9 నుంచి జావాతోపాటే వస్తోంది. ఒక్కో లైను టైప్ చేసి అక్కడికక్కడే ఫలితం చూడొచ్చు. నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (ఆబ్జెక్ట్ ఏదీ లేని, అంటే నల్‌గా ఉన్న వేరియబుల్‌ని వాడితే వచ్చే ఎర్రర్) వస్తే మెసేజ్ పూర్తిగా చదవండి. ఇప్పటి వెర్షన్లలో ఏది నల్‌గా ఉందో అందులోనే చెప్తుంది.

ఈ ఆదివారం ఇంట్లో పాల లెక్కో చీటీ పుస్తకమో ఉంటే ఒక పేజీ ముందు పెట్టుకోండి. దాని మీదున్న గళ్లే మీ వేరియబుల్స్. ముందు ఇద్దరికి రాసి, ఇద్దరి అంకెలూ వేరువేరుగా వస్తున్నాయో లేదో చూసుకుని, అప్పుడు మూడో మనిషిని చేర్చండి.