పాట ముందా, పని ముందా? తరగతి పాటలపై మీ ప్రశ్నలు

చెన్నైలో తెలుగు చెప్పే టీచర్ల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు పాటల చుట్టూనే తిరిగాయి. ఒకే మాట అడిగినవాటిని కలిపేసి, అయిదింటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నాలుగో తరగతికి తెలుగు చెబుతాను. పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, గుమ్మం దాటితే అంతా తమిళం. వారానికో పాట వినిపించమని హెడ్‌మిస్ట్రెస్ గారు చెప్పారు. సినిమా పాటలంటే పిల్లలకు హుషారు. వేటిని తీసుకోవచ్చు, ఏం చూసి వద్దనుకోవాలి?
– ఉపాధ్యాయిని, పెరంబూరు

జవాబు: పాటలు వెతకడం మొదలుపెట్టేముందు, ఆ వారం పాటతో చేయించబోయే పనేమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. ‘రంగుల పేర్లు నోటికి రావాలి’, ‘వచ్చింది, వెళ్లింది, తిన్నది తడుముకోకుండా అనాలి’, ‘భోజనం తర్వాత మత్తు వదలాలి’. ఈ మూడింటికీ మూడు వేరు వేరు పాటలు కావాలి. పని రాసుకోకుండా వెతికితే మనకు నచ్చిన పాట దగ్గర ఆగిపోతాం, పాఠాన్ని దానికి అతికించడానికి అవస్థ పడతాం.

పాట దొరికాక సాహిత్యమంతా విని మీ చేత్తో రాయండి. నెట్‌లో దొరికేది కాపీ చేయకండి, వాటిలో ఒత్తులూ దీర్ఘాలూ ఎవరిష్టం వాళ్లది. పైగా చేత్తో రాస్తుంటేనే రెండో చరణం సంగతి బయటపడుతుంది. పల్లవి ముత్యంలా ఉంటుంది. రెండో చరణానికి వచ్చేసరికి అమ్మాయి వెంటపడటమో, లావు మీదో నలుపు మీదో ఎకసెక్కమో, మందు గ్లాసో తగులుతుంది. మొదటి చరణంతో ఆపేద్దామంటే కుదరదు. పిల్లలకు మిగతాది ముందే వచ్చు, మీరు ఆపిన చోట వాళ్లే అందుకుంటారు. మాటలు శుభ్రంగా ఉన్నా తెర మీద దృశ్యం వేరేగా ఉన్న పాటలకూ ఇదే చిక్కు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమంటారు, పాఠం అక్కడితో సరి.

తర్వాత చూడాల్సింది దీర్ఘాలు. తెలుగులో హ్రస్వం దీర్ఘమైతే అర్థమే మారిపోతుంది: పడు, పాడు, విడు, వీడు, పలు, పాలు. బాణీ కోసం గాయకులు హ్రస్వాన్ని సాగదీస్తారు. భాష బాగా వచ్చినవాళ్ల చెవి దాన్ని సర్దుకుంటుంది, కొత్తగా నేర్చుకునే పిల్లలు విన్నది విన్నట్టు రాస్తారు. మీరు రాసుకున్న కాగితం మీద సాగిన అక్షరాలకు సున్నా చుట్టండి. నాలుగు వరుసల్లో మూడుకు మించి సున్నాలు పడితే ఆ పాట వినడానికి ఉంచండి, రాతపనికి వద్దు. ఈ లెక్కలో జానపదాలే గెలుస్తాయి. చెమ్మచెక్క, కాళ్లాగజ్జా లాంటి ఆటపాటల్లో చరుపు మాట మీదే పడుతుంది, అక్షరం ఊరికే సాగదు. డబ్బింగ్ పాటలు బాగా వెనకబడతాయి. తమిళ మాటకు కట్టిన బాణీలో, నటుల పెదవుల కదలికకు సరిపడేలా తెలుగు మాటను కూర్చాలి కాబట్టి నొక్కు ఎక్కడెక్కడో పడుతుంది. పైగా చెన్నై పిల్లలకు తమిళ పాటే ముందు వచ్చి ఉంటుంది, గట్టిగా పాడమంటే అదే పాడతారు. ఎనిమిదో తరగతిలోనైతే రెండు పాటలూ పక్కపక్కన పెట్టి పోల్చమనండి, చక్కని పాఠమవుతుంది. నాలుగుకు వద్దు.

వేగం చూడటానికి యంత్రాలేం అక్కర్లేదు. ఒక చరణాన్ని మామూలు మాటలా, స్పష్టంగా పైకి చదవండి. మీరు ముగించేలోపే పాటలో ఆ చరణం అయిపోతే పిల్లలకు అందదు. 0.75 వేగానికి తగ్గించుకోవచ్చు, అంతకన్నా తగ్గిస్తే గొంతు ఈడ్చుకుపోతుంది. మత్తు వదిలించే పాటకు మాత్రం దెబ్బలు లెక్కపెట్టండి: 15 సెకన్లలో పడే చరుపుల్ని 4తో గుణిస్తే నిమిషానికి ఎన్నో తెలుస్తుంది. 100 నుంచి 120 దాకా ఉంటే నిలబడి చప్పట్లు కొట్టడానికి బాగుంటుంది.

ఇక శ్రుతి. ఎక్కువమంది తప్పటడుగు ఇక్కడే. టీచరమ్మలు తమ గొంతుకు హాయిగా ఉండే 5 కట్టైలో (కట్టై అంటే హార్మోనియం మీద శ్రుతిని చెప్పే మెట్టు అంకె) పాడి పిల్లల్ని అందుకోమంటారు. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకు హాయిగా పలికేది హార్మోనియం మధ్య స్థాయిలో 1 కట్టై నుంచి, దాని పైనున్న 6 కట్టై దాకా. మీ 5 కట్టై షడ్జం (పాటకు ఆధారమైన ‘స’) వాళ్లకు పాతాళం. దాంతో కొందరు గొణుగుతారు, కొందరు అరుస్తారు, మనమేమో ‘వీళ్లకు శ్రుతి లేదు’ అనేస్తాం. షడ్జాన్ని మధ్య స్థాయి 1 కట్టైకి ఎత్తండి. మగ గొంతులో 1 కట్టైకి పాడిన పాటైతే పిల్లలు తమంతట తామే ఒక స్థాయి పైన అందుకుంటారు. పాట మొత్తం షడ్జం నుంచి ధైవతం (‘ద’) లోపల తిరిగేదైతే ఎవరికీ గొంతు చించుకునే పని ఉండదు.

ప్రశ్న: మా ఆదివారం తరగతిలో సగం మందికి తెలుగు అక్షరాలు ఇంకా రాలేదు. పాటను తమిళ లిపిలో రాసిస్తే తప్పా?
– నిర్వాహకుడు, అంబత్తూరు

జవాబు: పాట వస్తుంది, ఉచ్చారణ పోతుంది. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం; ట, డలకు, త, దలకు, ప, బలకు కూడా అంతే. మాట మొదట్లో వస్తే పరుషంగా, రెండు అచ్చుల మధ్య వస్తే సరళంగా చదవడం పిల్లలకు అలవాటు. ఆ అలవాటుతో చదివితే ‘గుడి’ కాస్తా ‘కుడి’ అవుతుంది. ‘పాట’, ‘బాట’ రెండూ ‘పాడ’ అవుతాయి. ‘ముగ్గు’ రాస్తే ‘ముక్కు’ అని చదువుతారు, సంక్రాంతి పాటలో వాకిట్లో ముక్కు పెడతారు! ‘తాటి చెట్టు’ అని రాశారనుకోండి, తమిళం చదివే పిల్లవాడి కంటికి అక్కడ కనపడేది గడ్డం చెట్టు.

తప్పదనుకుంటే ఇక్కడి కీర్తనల పుస్తకాల పద్ధతి వాడండి. తమిళ లిపిలో అచ్చైన త్యాగరాజ కీర్తనల్లో అక్షరం పక్కన చిన్న అంకె వేస్తారు: 2 వేస్తే ఖ, 3 వేస్తే గ, 4 వేస్తే ఘ. సంగీతం నేర్చుకునే పిల్లలు తరగతిలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, వాళ్లకిది తెలిసే ఉంటుంది. అయితే ఈ సాయం నాలుగు వారాలకు మించి ఉంచకండి. రెండో వారం నుంచి వరుసకు ఒక మాట చొప్పున తెలుగు అక్షరాల్లోకి మార్చండి. మొదటి మాటలుగా ఖ, ఘ లాంటి ఒత్తి పలికే అక్షరాలు లేనివి పెట్టండి. అచ్చతెలుగు మాటల్లో ఖ, ఘ, ధ, భలు రావు కాబట్టి ఇక్కడా జానపదాలే సులువు. సంస్కృతం దండిగా ఉన్న స్తోత్రాలు ఆరు నెలలు ఆగొచ్చు.

ప్రశ్న: పిల్లలు రాసుకుంటున్నప్పుడు వెనక మెల్లగా పాట పెడితే ఏకాగ్రత పెరుగుతుందా? మొజార్ట్ పెట్టమని ఒక తండ్రి పట్టుబడుతున్నారు.
– ఉపాధ్యాయుడు, ఆవడి

జవాబు: మాటలున్న పాట వద్దు. చదివేదీ రాసేదీ మాటలే, చెవిలో పడేవీ మాటలే అయితే రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. వేణువో వీణో మెల్లగా పెట్టవచ్చు, అదీ బొమ్మలు వేసేటప్పుడు, పుస్తకాలు సర్దుకునేటప్పుడు. డిక్టేషన్‌కు నిశ్శబ్దమే మంచిది. మొజార్ట్ సంగతి: 1993లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఆ ప్రయోగం కాలేజీ విద్యార్థుల మీద చేసింది. ఆకారాలను ఊహించే ఒక రకం ప్రశ్నల్లో కనిపించిన మెరుగు 10–15 నిమిషాలకు మించి నిలవలేదు. పసిపిల్లల తెలివి గురించి అందులో ఏమీ లేదు. ఆ తండ్రిగారికి ఇదే చెప్పండి.

ప్రశ్న: 40 మంది పిల్లలు, నాలుగు ఫ్యాన్లు, ఒక బ్లూటూత్ స్పీకర్. ముందు బెంచీలవాళ్లు చెవులు మూసుకుంటారు, వెనకవాళ్లు వినపడలేదంటారు. పెద్ద స్పీకర్ కొనాలా?
– ఉపాధ్యాయిని, కొలత్తూరు

జవాబు: కొనకండి, ముందు ఉన్నదాన్ని బల్ల మీద నుంచి తీయండి. గదికి సగం పొడవులో, పక్క గోడ దగ్గర, కూర్చున్న పిల్లల తలలకు కాస్త పైన ఉండేలా స్టూలు మీద పెట్టండి. అప్పుడు అందరికన్నా దూరంగా కూర్చున్న పిల్లలకు కూడా దూరం దాదాపు సగమవుతుంది. గోడకు ఆనించకండి, మూలలో అసలే వద్దు. మూలలో బేస్ ఉబ్బి, మాట మునిగిపోతుంది. ఈక్వలైజర్ ఉంటే బేస్ బాగా తగ్గించండి. మనకు కావలసిన హల్లులు పై స్థాయిలో ఉంటాయి.

ఫ్యాన్లు ఆపమని మే నెల చెన్నైలో ఎవరికీ చెప్పలేం. పాట సాగే మూడు నిమిషాలు రెగ్యులేటర్ రెండుకు తగ్గించండి, చాలా తేడా వస్తుంది. ఫోన్‌లో డెసిబెల్ యాప్ ఉంటే ఖాళీ గదిలో ఫ్యాన్ల మోత ఎంతో చూసి, పాట దానికన్నా 15 డెసిబెల్స్ పైన ఉండేలా పెట్టండి. అంతకు మించి పెంచితే ఉత్త సిమెంటు గోడలు మోగి మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆఖరి పరీక్ష: పిల్లలు వినని పాట పెట్టి, వెనక బెంచీలో ఒకర్ని వినపడిన అయిదు మాటలు రాయమనండి. నాలుగైనా సరిగ్గా వస్తే చాలు.

చప్పట్లతో ఆడే పాటలకు బ్లూటూత్ వద్దు, ఆక్స్ వైరు వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది కాబట్టి తెర మీద బొమ్మ చప్పట్లు ఒక చోట, దెబ్బ ఇంకో చోట పడతాయి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, పాటను ముందే ఆఫ్‌లైన్‌లో ఉంచుకోండి. సగం పాటలో ప్రకటన వచ్చిందంటే ఆ తరగతిని మళ్లీ దారికి తేవడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆటోప్లే కూడా ఆపేయండి, తర్వాత వచ్చే పాట మీరు ఎంచుకున్నది కాదు.

ప్రశ్న: వార్షికోత్సవంలో పిల్లలు పాడిన సినిమా పాటను బడి యూట్యూబ్ చానల్లో పెడితే సౌండ్ తీసేశారు. బడిలో పాటలకు మినహాయింపు ఉందంటారు కదా? ఇంకొకటి: భక్తి పాటలు వచ్చినప్పుడు ఒక పాప నోరు విప్పదు, ఏం చేయాలి?
– సంగీతం టీచర్, వేలచ్చేరి

జవాబు: మినహాయింపు ఉంది, దానికి హద్దూ ఉంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థ కార్యక్రమంలో పాట పాడవచ్చు, రికార్డు వినిపించవచ్చు. శ్రోతలు మాత్రం సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంరక్షకులు, బడితో సంబంధమున్నవాళ్లే కావాలి. యూట్యూబ్‌లో పెట్టిన క్షణాన శ్రోతలు లోకమంతా. చానల్లో పెట్టాలనుకుంటే కర్త తెలియని జానపదమో, పాత కీర్తనో మీ పిల్లల గొంతుతో, మీ హార్మోనియంతో రికార్డు చేసుకోండి. త్యాగరాజు 1847లో కన్నుమూశారు కనుక కీర్తనకు ఇబ్బంది లేదు. కానీ ఒక గాయకుడు పాతికేళ్ల కిందట పాడిన రికార్డు వేరే ఆస్తి; అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కుదారులదే. వీడియోలో పిల్లల ముఖాలు కనపడతాయి కాబట్టి తల్లిదండ్రుల అనుమతి కాగితం మీద తీసుకోండి.

పాప సంగతి: బలవంతం వద్దు. గుర్తింపు ఉన్న బడిలో, ఎయిడెడ్ బడిలో మైనర్ పిల్లల్ని సంరక్షకుల సమ్మతి లేకుండా మత ఆరాధనలో పాల్గొనమనకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఆ మాట అటుంచి, తాళం వేసే పనో, సాహిత్యం బోర్డు మీద రాసే పనో పాపకు ముందే అప్పగించండి, అదీ అందరి ముందు వివరణ ఇవ్వకుండా. రెండు వారాలకొకసారి వాన పాటో, బండి పాటో పెడుతుంటే నోరు దానంతటదే విప్పుతుంది.