చెన్నైలో పెద్దవాళ్లతో ఒక ఆదివారం

నమస్కారమండీ. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు మెరీనా ఇసుకలో నడవలేరని, ఆదివారం ఎక్కడికి తీసుకువెళ్లాలని అడిగారు. తెల్లవారగానే బెసెంట్ నగర్‌లోని ఎలియట్స్ బీచ్‌కు వెళ్లండి. కాలిబాట మీద కూర్చునే సూర్యోదయం చూడవచ్చు. దగ్గరలోని అష్టలక్ష్మి ఆలయంలో పై సన్నిధులకు మెట్లెక్కాలి కనుక ఆమెను కిందే ఉంచడం మేలు.

ఎండ ముదిరేలోగా కారులో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా ముట్టుకాడులోని దక్షిణచిత్రకు చేరుకోండి. దక్షిణాది పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టి, 1996లో ప్రారంభించిన ఆ ప్రదర్శనశాలలో, తుఫాను గాలులకు తట్టుకునే మన కోస్తా చుట్టిల్లును, ఇక్కత్ నేతకారుల ఇంటిని చూస్తూ, అలసినప్పుడల్లా అరుగుల మీద కూర్చోవచ్చు. నాకు మాల్‌ల కంటే ఇదే ఇష్టం. ప్రయాణం వాయిదా పడితే మంగళవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు సెలవు.