‘వాక్‌డ్’ కాదు, ‘వాక్ట్’: ఇంగ్లిష్ సందేహాలకు జవాబులు

ప్రశ్న: ఉద్యోగ ఇంటర్వ్యూలో గ్రామర్ బాగానే ఉందన్నారు, కానీ ‘ఎంటీఐ ఎక్కువ’ అని మాట తీరు చూసే వాయిస్ రౌండ్‌లోనే తీసేశారు. యాస మార్చే కోర్సులో చేరనా?
– బీకాం విద్యార్థిని, తెనాలి

జవాబు: కోర్సు సంగతి తర్వాత చూద్దాం. ఎంటీఐ అంటే మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్, మాటలో మాతృభాష ప్రభావం. దాన్ని పోగొట్టుకోవాలని అమెరికా యాస తెచ్చిపెట్టుకుంటే వినేవాళ్లకి ఇంకా ఇబ్బంది. మీ మాట మొదటిసారే అర్థమైతే చాలు.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్సు, కారు, రోడ్డు అంటాం. తెలుగులో అది ఒప్పే. ‘ఐ వర్కుడు ఇన్ ఎ బ్యాంకు’ అన్నప్పుడే చిక్కు. అందులో రెండు తప్పులున్నాయి: చివర్లో ‘ఉ’కారం ఒకటి, ‘ఈడీ’ని ‘డు’ అనడం ఇంకొకటి.

‘ఈడీ’ని ఎలా పలకాలో స్పెల్లింగ్ చెప్పదు, దాని ముందున్న ధ్వని చెబుతుంది. గొంతు మీద వేళ్లు పెట్టి క్రియలోని చివరి ధ్వనిని పలకండి. అదురు లేకపోతే ‘ట్’: వాక్ట్, స్టాప్ట్, వాష్ట్. లాఫ్ స్పెల్లింగ్‌లో ‘జీహెచ్’ ఉన్నా వినిపించేది ‘ఫ్’ కాబట్టి లాఫ్ట్. అదురు ఉంటే ‘డ్’: ప్లేడ్, కాల్డ్, క్లీన్డ్. క్రియ ‘ట్’తోనో ‘డ్’తోనో ముగిస్తే మాత్రమే ‘ఇడ్’: వాంటిడ్, నీడిడ్.

‘క్ట్’ లాంటి జంట హల్లుల దగ్గర నాలుక ఆగిపోయి ‘ఉ’ని తెచ్చుకుంటుంది. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే ఆ ‘ట్’ని దానికి తగిలించండి: ‘వర్క్‌టిన్ ఎ బ్యాంక్’. ‘ఉ’కి చోటే ఉండదు.

ఇక ఎగ్‌ని ‘యెగ్’ అనడం, ఓన్లీని ‘వోన్లీ’ అనడం, జూలో జెడ్‌ని మన ‘జ’లా పలకడం కూడా సరిచేసుకోవాలి. జెడ్ కోసం ‘స్’ని సాగదీస్తూ గొంతు కలపండి, తుమ్మెద రొద లాంటిది వస్తే అదే.

రోజూ పేపర్లో ఒక పేరా చదివి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వారానికి ఒక్క ధ్వనినే సరిచూసుకోండి. అన్నీ ఒకేసారి పట్టుకుంటే మాట తడబడుతుంది. ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, కూడా ముఖ్యం: ఫొటోగ్రాఫ్‌లో మొదటి అక్షరం మీద, ఫొటోగ్రఫర్‌లో రెండో దాని మీద, ఫొటోగ్రాఫిక్‌లో మూడో దాని మీద. డిక్షనరీ ఉచ్చారణలో పైన చిన్న నిలువు గీత దేని ముందుంటే ఊనిక దాని మీదే.

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. నిరుడు ‘వెంట్’ అని సరిగ్గానే చెప్పేవాడు. ఇప్పుడు ‘గోడ్’, ‘ఈటెడ్’ అంటున్నాడు. చదువులో వెనకబడ్డాడా?
– ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: లేదమ్మా, ముందుకే వెళ్తున్నాడు. నిరుడు విన్నది విన్నట్టు చెప్పాడు. ఇప్పుడు ‘ఈడీ’ సూత్రం పట్టుకుని అన్నింటికీ తగిలిస్తున్నాడు. ఇలాంటి తప్పుల్లోనే నేర్చుకునేవాడి మనసులోని వ్యాకరణం కనిపిస్తుందని భాషాశాస్త్రవేత్త పిట్ కోర్డర్ 1967లోనే రాశారు. మాట మధ్యలో ఆపి దిద్దకండి. ‘ఐ గోడ్ టు పార్క్’ అంటే, ‘ఓ, యూ వెంట్ టు ద పార్క్? హూ వెంట్ విత్ యూ?’ అని అడగండి. సరైన రూపం రెండుసార్లు చెవిన పడుతుంది, కబురూ తెగదు. యాభై క్రియల పట్టిక బట్టీ పట్టించడం మాత్రం వద్దు.

ప్రశ్న: భాషని శాస్త్రంగా చదవాలంటే ఎంఏ ఇంగ్లిషేనా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఎంఏ ఇంగ్లిష్‌లో ఎక్కువచోట్ల సాహిత్యానిదే పెద్దపీట. ధ్వనులు, వాక్య నిర్మాణం మీద ఆసక్తి ఉంటే లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం), పాఠం చెప్పే పద్ధతుల మీదైతే ఈఎల్‌టీ (ఇంగ్లిష్ లాంగ్వేజ్ టీచింగ్). హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఈ చదువులకు పేరున్న చోటు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది. దరఖాస్తుకు ముందు సిలబస్ తెరిచి, ఫొనెటిక్స్ (ధ్వనులు), సింటాక్స్ (వాక్య నిర్మాణం) ఎన్ని పేపర్లున్నాయో లెక్క చూసుకోండి.