టెక్ సందేహాలు: కేంద్రం హెచ్చరించిందని క్రోమ్ మానేయాలా?

‘క్రోమ్ వాడేవారికి కేంద్రం హెచ్చరిక’ అని తరచూ వార్తలు వస్తున్నాయి. నా బ్యాంకు పనులన్నీ క్రోమ్‌లోనే. చదివినప్పుడల్లా టెన్షన్. ఎడ్జ్‌కో ఫైర్‌ఫాక్స్‌కో మారిపోతే మంచిదా? అన్నిట్లోకీ ఏది సేఫ్?
*– ఒంగోలు నుంచి ఒక టీచర్*

ఆ హెచ్చరికలు ఇచ్చేది కేంద్ర ఐటీ శాఖ కింద పనిచేసే సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్. హెడ్డింగ్ చూస్తే గుండె గుభేల్‌మంటుంది గానీ, వార్త చివరిదాకా చదివితే దాదాపు ప్రతిసారీ ఉండేది ఒకటే. ఫలానా వెర్షన్‌కి ముందువాటిలో లోపాలున్నాయి, కొత్త వెర్షన్ వేసుకోండి అని. అంటే ఆ లోపాలను గూగుల్ అప్పటికే సరిచేసి అప్‌డేట్ వదిలేసింది. ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, సఫారీల మీద కూడా సెర్ట్-ఇన్ ఇలాంటివి ఇస్తూనే ఉంటుంది. క్రోమ్ వాడేవాళ్లు ఎక్కువ కాబట్టి క్రోమ్ పేరే హెడ్డింగ్‌కి ఎక్కుతుంది.

ఇక మారడం సంగతి. ఈ ఒక్క భయంతో ఎడ్జ్‌కి మారితే ఒరిగేదేమీ లేదు. 2020 జనవరి నుంచి ఎడ్జ్ లోపల ఉన్నది గూగుల్ నడిపించే క్రోమియం అనే ఉచిత కోడే. క్రోమ్‌కీ అదే పునాది. బ్రేవ్, ఒపేరా, వివాల్డీ, మీ ఫోన్లోని శాంసంగ్ ఇంటర్నెట్, అన్నీ ఆ తానులో ముక్కలే. క్రోమియంలో లోపం బయటపడితే సాధారణంగా అది వీటన్నిటికీ వర్తిస్తుంది. పైగా గూగుల్ ఇచ్చిన ప్యాచ్‌ని (లోపాన్ని సరిచేసే కోడ్‌ని) మిగతా కంపెనీలు తమ బ్రౌజర్లో కలుపుకుని, పరీక్షించి మనకు పంపాలి. క్రోమియం కోడ్ అందరికీ కనిపించేదే కాబట్టి, లోపం ఎక్కడుందో ఆ ప్యాచ్ చూసి పట్టేసే ఘనులు ఉంటారు. ప్యాచ్ తయారవడానికీ మన సిస్టమ్‌కి చేరడానికీ మధ్య ఉన్న ఆ నాలుగు రోజులే అసలు ప్రమాదం. గూగుల్ 2023 ఆగస్టు నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లను వారం వారం పంపుతున్నది ఇందుకే. పెద్ద కంపెనీలు ఈ విషయంలో ఆలస్యం చేయవు. ‘సూపర్ ఫాస్ట్’, ‘ఫ్రీ వీపీఎన్’ అంటూ ప్లే స్టోర్లో కనిపించే ఊరూపేరూ లేని బ్రౌజర్లను మాత్రం నేను నమ్మను.

నిజంగా వేరే ఇంజిన్ (పేజీలను తెరపై చూపించే లోపలి కోడ్) ఉన్న పెద్ద బ్రౌజర్లు రెండే. ఫైర్‌ఫాక్స్‌కి గెకో, సఫారీకి వెబ్‌కిట్. అయితే ఇంజిన్ వేరైనంత మాత్రాన గండం తప్పినట్టు కాదు. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అనే రకం ఫొటోలను తెరిచే ఒక చిన్న ఉచిత కోడ్‌లో పెద్ద లోపం బయటపడింది. అదే కోడ్‌ని క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, బ్రేవ్ అన్నీ వాడుతున్నాయి. అందరూ హడావిడిగా అప్‌డేట్లు వదలాల్సి వచ్చింది. 2024 మార్చిలో వాంకూవర్‌లో జరిగిన పౌన్2ఓన్ హ్యాకింగ్ పోటీలో మాన్‌ఫ్రెడ్ పాల్ అనే ఒకే ఒక్క పరిశోధకుడు క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ నాలుగింట్లోనూ లోపాలు చూపించి ప్రైజులు పట్టుకుపోయాడు. ఆ పోటీలో బయటపడ్డ లోపాలను నేరుగా కంపెనీలకే చెబుతారు. మెచ్చుకోవాల్సింది ఫైర్‌ఫాక్స్‌ని, ఒక్క రోజు తిరక్కుండానే ప్యాచ్ ఇచ్చేసింది.

మీరు ‘ఏది సేఫ్’ అన్నారు కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒక సైట్‌లోని దొంగ కోడ్ పక్క ట్యాబ్‌లోని మీ బ్యాంకు పేజీ జోలికి రాకుండా అడ్డుగోడలు కట్టడంలో క్రోమ్ మొదటి నుంచీ ముందుంది. 2008లో విడుదలైనప్పుడే ట్యాబులను విడివిడి ప్రాసెస్‌లుగా, అంటే వేర్వేరు ప్రోగ్రాముల్లా నడిపింది. ప్రాసెసర్లలో స్పెక్టర్ లోపం బయటపడిన 2018లో కంప్యూటర్లలో ఏ సైట్‌కి ఆ సైట్‌ని పూర్తిగా వేరుచేసింది. ఫైర్‌ఫాక్స్ ఆ పని 2021 చివర్లో గానీ చేయలేకపోయింది. ఇప్పుడు కంప్యూటర్లో రెండిటికీ పెద్ద తేడా లేదు.

ప్రైవసీకి వస్తే సీన్ రివర్స్. సఫారీ 2020 మార్చి నుంచే థర్డ్ పార్టీ కుకీలను (మనం చూసే సైట్ కాక వేరే కంపెనీలు మన జాడ కోసం పెట్టే చిన్న ఫైళ్లను) పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022లో ఏ సైట్ కుకీలను ఆ సైట్ డబ్బాలోనే ఉంచే పద్ధతి అందరికీ ఇచ్చింది. గూగుల్ మాత్రం ఆపేస్తాం, ఆపేస్తాం అని నాలుగేళ్లు ఊరించి 2024లో చేతులెత్తేసింది. ప్రకటనలే దాని బతుకుతెరువు మరి! యూబ్లాక్ ఆరిజిన్ అనే మంచి యాడ్ బ్లాకర్ క్రోమ్ కొత్త నిబంధనల వల్ల అందులో పనిచేయకుండా పోయింది, ఫైర్‌ఫాక్స్‌లో నిక్షేపంగా పనిచేస్తోంది. ఇదేదో ప్రకటనల విసుగు తగ్గించే సరదా వ్యవహారం అనుకోకండి. బ్యాంకు పేరు వెతికితే పైన ప్రకటన రూపంలో నకిలీ సైట్ వచ్చే రోజులివి. యాడ్ బ్లాకర్ వాడమని అమెరికా ఎఫ్‌బీఐయే 2022 డిసెంబరులో జనానికి చెప్పింది.

అయినా మీరు క్రోమ్‌తో అలవాటుపడ్డారు గనుక మారమని నేను చెప్పను. ఇప్పుడే ఒక పని చేయండి. కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి హెల్ప్‌లోకి, అక్కడి నుంచి అబౌట్ గూగుల్ క్రోమ్‌లోకి వెళ్లండి. ‘రీలాంచ్’ అనే బటన్ కనిపిస్తే, అప్‌డేట్ ఎప్పుడో దిగి మీ కోసం ఎదురుచూస్తోందని అర్థం. అప్‌డేట్ దానంతట అదే డౌన్‌లోడ్ అవుతుంది గానీ, బ్రౌజర్‌ని పూర్తిగా మూసి తెరిస్తేనే అమల్లోకి వస్తుంది. చాలామంది ముప్పై నలభై ట్యాబులు తెరిచి పెట్టుకుని, పని అయ్యాక ల్యాప్‌టాప్ మూత మాత్రం దించేస్తారు. వారాల తరబడి పాత వెర్షనే నడుస్తుంటుంది. అన్ని హెచ్చరికలూ చదివి టెన్షన్ పడేదీ వాళ్లే! రీలాంచ్ నొక్కితే ట్యాబులు పోతాయన్న భయం వద్దు, మళ్లీ అవే తెరుచుకుంటాయి. ఇన్‌కాగ్నిటోలో తెరిచినవి మాత్రం తిరిగి రావు. కాబట్టి అందులో ఏదైనా ఫారం సగంలో ఉంటే ముందు పూర్తి చేసుకోండి.

బ్యాంకు గురించి ఇంకో మాట. తాళం గుర్తు ఉంటే అసలు సైటే అనుకోవడం చాలామందికి అలవాటు. మీకూ సైట్‌కీ మధ్య సమాచారం ఎవరి కంటా పడకుండా వెళ్తోందని మాత్రమే ఆ తాళం చెబుతుంది, అవతల ఉన్నది దొంగా దొరా అన్నది కాదు. నకిలీ సైట్లకూ తాళం ఉంటుంది. అందుకే క్రోమ్ 2023లో కంప్యూటర్లలో ఆ గుర్తునే తీసేసింది. బదులుగా చిరునామా చివర చూడండి. 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కి మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ చిరునామాలు బ్యాంకులకు తప్ప వేరేవాళ్లకు ఇవ్వరు.

మా అబ్బాయి ఐఫోన్ కొనిచ్చాడు. అందులో సఫారీ బదులు క్రోమ్ వేసుకుంటే ఎక్కువ భద్రతా?
*– గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి*

మన దేశంలో ఐఫోన్లో ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల నడిచేది ఆపిల్ వారి వెబ్‌కిట్టే. బయట క్రోమ్ బొమ్మ ఉంటుంది, అంతే. యూరోపియన్ యూనియన్ చట్టం వల్ల 2024లో అక్కడ ఆపిల్ ఈ నిబంధన సడలించింది. కాబట్టి సఫారీయే వాడుకోండి, ఐఓఎస్ అప్‌డేట్ వచ్చినప్పుడు ‘లేటర్’ నొక్కకండి. వెబ్‌కిట్ ప్యాచ్‌లు సాధారణంగా ఆ అప్‌డేట్‌తోనే వస్తాయి.

మా నెట్ సెంటర్లో రెండు సిస్టమ్స్ విండోస్ 7వి. క్రోమ్ అప్‌డేట్ అవడం లేదు. వేరే బ్రౌజర్ ఏదైనా ఉందా?
*– జగిత్యాల*

విండోస్ 7కి వచ్చిన ఆఖరి క్రోమ్ 109. అది 2023 జనవరి నాటిది. ఆ తర్వాత బయటపడిన ఒక్క లోపానికీ మీ సిస్టమ్స్‌లో ప్యాచ్ లేదు. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ (ఎక్కువకాలం అప్‌డేట్లు అందే రకం) దీనికన్నా చాలాకాలం విండోస్ 7ని ఆదుకుంది గానీ, విండోస్‌కే అప్‌డేట్లు ఆగిపోయాక బ్రౌజర్ ఒక్కటీ ఏం కాపాడుతుంది? మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఆధార్, పాన్, ఓటీపీలు అన్నీ అందులోనే కొడతారు. కొత్తవి కొనే స్థోమత ఇప్పుడు లేకపోతే ర్యామ్ 4 జీబీ ఉన్న సిస్టమ్‌లో విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయించండి, అందులో ఫైర్‌ఫాక్స్ తాజాగానే ఉంటుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి మీ ప్రింటర్, స్కానర్, వేలిముద్రల మిషన్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. వేలిముద్రల మిషన్ దగ్గరే ఎక్కువగా పేచీ వస్తుంది. అది కుదరకపోతే ఆ రెండిటికీ నెట్ తీసేసి టైపింగ్‌కీ ప్రింట్లకీ మాత్రమే ఉంచండి.